లైబ్రరీ సైన్సా, డేటా సైన్సా: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది. ఇప్పుడు బీఎల్ఐఎస్సీ, అంటే లైబ్రరీ సైన్స్ డిగ్రీ, చేస్తానని పట్టుబట్టింది. నేను డేటా సైన్స్ కోర్సు ఒకటి చూసి పెట్టాను, ఫీజు రెండు లక్షలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. గూగుల్ వచ్చాక లైబ్రరీకి ఎవరు వెళ్తున్నారండీ? విజయవాడలో గ్రంథాలయ సంఘం ఉంది, అందులో మెంబర్‌గా చేరితే ఉద్యోగం చూపిస్తారని మా ఆఫీసులో ఒకాయన అన్నారు, నిజమేనా? రెండు కోర్సులూ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: సార్, ముందు సంఘం సంగతి తేల్చేద్దాం. ఉద్యోగాలు చూపించరు. అది ప్లేస్‌మెంట్ ఆఫీసు కాదు, ఆ పని కోసం పుట్టలేదు కూడా. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుని, అక్కడక్కడా ఊళ్ళల్లో లైబ్రరీలు నడుపుతున్న వాళ్ళందర్నీ పిలిచి సభ పెట్టించారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ మొదలైంది. వచ్చినవాళ్ళలో చాలామంది జీతం కోసం చేసేవాళ్ళు కాదు, ఊరికి నాలుగు పుస్తకాలు ఉండాలని తిరిగినవాళ్ళు. గ్రంథాలయ సర్వస్వం అని పత్రిక పెట్టారు, గ్రంథాలయ యాత్రలని ఊరూరూ తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం గారైతే అప్పటి మీ గుంటూరు జిల్లాలోనే పెదపాలెం, కొల్లూరు మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు, పడవ ఆగిన చోట జనం ఎక్కి పుస్తకం తీసుకోవడమే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు చాలాకాలం సంఘానికి పెద్దదిక్కు, విజయవాడలో సర్వోత్తమ భవనం ఆయన పేరే.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక లైను ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలకి వెళ్ళాల్సిన డబ్బు అది. అంటే లైబ్రరీకి ఎవరెళ్తారని అడుగుతున్న మీరే ప్రతి ఏడూ దానికి డబ్బు కడుతున్నారు. ఆ సెస్సు వసూలు చేసిన మున్సిపాలిటీలు, పంచాయతీలు సంస్థలకి సరిగ్గా జమ చెయ్యకపోవడం పాత రోగం, ఖాళీలు నింపకపోవడం ఇంకో రోగం. ఈ రెండింటి మీదా అర్జీలు పెట్టడం, గ్రంథాలయ వారోత్సవాలు చెయ్యడం, శిక్షణ ఇవ్వడం, గ్రంథాలయ సంఘాలు చేసే పని ఇలాంటిది. మరి మీ అమ్మాయికి దీనివల్ల ఏంటి లాభం అంటే, మనుషులు. ఏ కాలేజీలో లైబ్రేరియన్ రిటైర్ అవుతున్నారు, ఎక్కడ కేటలాగు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కాంట్రాక్టు మీద మనిషి కావాలి, ఇలాంటివి పేపర్లో పడకముందే ఆ సభల్లో టీ తాగే చోట తెలుస్తాయి. అంతే. గ్యారంటీ అన్న మాట మాత్రం ఎక్కడ వినపడినా పర్సు జేబులో పెట్టేసుకోండి.

అక్కడికే వస్తున్నా. ఆ డేటా సైన్స్ కోర్సు. నాకు ఆ సబ్జెక్టు మీద కోపం లేదు, మంచి సబ్జెక్టే, స్టాటిస్టిక్స్ గట్టిగా వచ్చినవాళ్ళు బాగా రాణిస్తున్నారు కూడా. నా అనుమానమంతా దాన్ని అమ్మే పద్ధతి మీద. నిన్న జావా, మొన్న ఇంకోటి, ఇవాళ అదే గది, అదే ప్రొజెక్టరు, బోర్డు మీద పేరు మాత్రం డేటా సైన్స్, రేపు ఏఐ. కొన్ని నెలల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పైపైన చెప్పి, ఇంటర్నెట్‌లో దొరికే రెండు ప్రాజెక్టులు రెజ్యూమేలో పెట్టించి బయటికి పంపిస్తారు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ కింద చిన్న అక్షరాల్లో ఏం రాసుంటుందో చదివారా? చాలా చోట్ల "ఇంటర్వ్యూలు ఏర్పాటు చేస్తాం" అనే ఉంటుంది, ఉద్యోగం ఇప్పిస్తామని ఉండదు. ఫ్రెషర్‌ని డేటా సైంటిస్ట్‌గా తీసుకునే కంపెనీలు తక్కువ సార్, తీసుకున్నా ఎమ్మెస్సీ, ఎంటెక్ వాళ్ళతో పోటీ. మీ అమ్మాయికి అదంటే ఇష్టం ఉంటే నేనే వెళ్ళమనేవాణ్ణి, ఆ పిల్లకి లేదు కదా, ఇష్టం ఉన్నది మీకు.

ఇంకోటి, గూగుల్ వచ్చాక అన్నారు. మీ అమ్మాయిని ఒక చిన్న పని చెయ్యమనండి. కోహా అని లైబ్రరీ సాఫ్ట్‌వేర్, ఫ్రీగా దొరుకుతుంది, ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలు ఒక ఇరవై అందులో ఎక్కించమనండి. మొదటి పుస్తకంతోనే తగాదా మొదలవుతుంది. రచయిత పేరు ఇంటిపేరుతో మొదలెట్టాలా, అసలు పేరుతోనా? ఒకరు అయ్యంకి అని ఎక్కిస్తారు, ఇంకొకరు వెంకటరమణయ్య అని, మూడో ఆయన ఏ. వి. రమణయ్య అని, మనిషి ఒక్కడే, కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు. పుస్తకాలని సబ్జెక్టు వారీగా సర్దడానికి లైబ్రరీల్లో డ్యూయీ నంబర్లని వాడతారు, తెలుగు సాహిత్యానికి ఆ నంబరు 894.827, దాని కింద కవిత్వం ఎక్కడ, నవల ఎక్కడ, ఈ తలనొప్పి అంతా విప్పి ఒక పద్ధతిలో పెట్టడమే ఆ చదువు. రెండు లక్షలు పోసి డేటా క్లీనింగ్ అని నేర్పేది కూడా కాస్త అటూఇటూగా ఇదే. కంప్యూటర్స్ చదివి లైబ్రరీ సైన్స్‌లోకి వచ్చే పిల్లలు నాకు తెలిసి తక్కువ, అది ఆమెకి ప్లస్సే గానీ మైనస్ కాదు.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా. బీఎల్ఐఎస్సీ ఏడాది, దాని పైన పీజీ ఎమ్మెల్ఐఎస్సీ ఇంకో ఏడాది, యూనివర్సిటీలో చేస్తే ఫీజు మీరు చూసిన కోర్సు ముందు లెక్కలోకి రాదు. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టుకి జీతం లెవెల్ 7, బేసిక్ 44,900. పీజీలో 55 శాతం, పైన నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసై ఉంటే యూజీసీ స్కేల్ ఉన్న కాలేజీల్లో లెవెల్ 10. కానీ అబద్ధం చెప్పను, నోటిఫికేషన్లు అరుదు, పబ్లిక్ లైబ్రరీల్లో ఏళ్ళ తరబడి సరైన భర్తీ లేదు, మధ్యలో ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతానికి చెయ్యాల్సి రావచ్చు. ఆ ఓపిక ఉందా అని పిల్లని అడగండి, నన్ను కాదు.

మీ ఉత్తరంలో చివర రాసిన ముక్క నేను పైన వెయ్యలేదు, కానీ అసలు భయం అక్కడే ఉంది, సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి లైబ్రేరియన్ అంటే ఏం బాగుంటుంది అన్నారు. సార్, కోపం తెచ్చుకోకండి, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల నాకు ఈ పని కావాలి అని స్పష్టంగా చెప్తుంటే, ఇంకా ఇంట్లో అడుగు పెట్టని పెళ్ళివారి కోసం కెరీర్ ఎంచడం ఏం పద్ధతి? నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మందికి ఏం కావాలో తెలీదు. మీ పిల్లకి తెలుసు, మీరు దాన్ని ప్రాబ్లమ్ అంటున్నారు. కంగారు పడకండి, ఒక ఏడాది బీఎల్ఐఎస్సీ చేసినంత మాత్రాన ఏ దారీ మూసుకుపోదు, కంప్యూటర్స్ డిగ్రీ ఎక్కడికీ పోదు, పైథాన్ పక్కన నేర్చుకుంటూ ఉండొచ్చు, డిజిటల్ లైబ్రరీ పనుల్లో అది కావాలి కూడా.

ఆ ఇన్‌స్టిట్యూట్‌కి అడ్వాన్సు ఇంకా కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే రసీదు వెనక రీఫండ్ రూల్ ఏముందో చదివి, ఫొటో తీసి పంపండి, ఏం చెయ్యొచ్చో చూద్దాం. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.