పాత నీలం పళ్ళేలు కొనేముందు

చిట్టీ,

పాతకాలం ఇంగ్లిష్ నీలం పళ్ళేలు కొని అమ్ముతానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత మురిసిపోయానో, అంత టెన్షనూ పట్టుకుంది. అదీ అలనాటి ఇంగ్లిష్ పింగాణీ తయారీదారు జేమ్స్ క్లూస్ సరుకుతో మొదలుపెడతావట!

అప్పు చేసి కొనకు. ఇంగ్లండ్‌లో, స్టాఫర్డ్‌షైర్‌లోని కోబ్రిడ్జ్‌లో అమెరికా వాళ్ళ కోసం అంత సరుకు చేసిన క్లూస్ సోదరులే 1834లో దివాలా తీశారు. ఆ తర్వాత జేమ్స్ అమెరికా వెళ్ళి, ఇండియానాలోని ట్రాయ్‌లో కుండల కార్ఖానా పెట్టి, అదీ సాగక తిరిగొచ్చాడు.

పళ్ళెం వెనక క్లూస్ వాళ్ళ కిరీటం ముద్ర ఉందా లేదా అన్నదొక్కటే చూడకు. అంచు చుట్టూ వేలితో తడుముతూ చూడు. రాగి రేకు మీద చెక్కిన బొమ్మకి నూనెలో కలిపిన కోబాల్ట్ అనే నీలం రంగు పూసి, పల్చటి కాగితం మీదికి దింపి, ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పళ్ళేనికి అంటించి రుద్దేవాళ్ళు. కాగితం ముక్కలు కలిసేచోట పూలతీగ తెగుతుంది, ఒక ఆకు సగంలో ఆగిపోతుంది. చేత్తో అంటించారనడానికి అదే గుర్తు. ఆ అతుకంటే నాకు ప్రాణం. ఏ పిల్లో గబగబా అంటించి ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ మామయ్య దగ్గర అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సాయపడిన ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ 1824లో న్యూయార్క్‌లో దిగిన బొమ్మ ఉన్న క్లూస్ పళ్ళెం ఉండేది. ముదురు నీలం, రేవు నిండా ఓడలు. ఒక పక్క గోధుమరంగు మరక. నేను వద్దంటున్నా వినకుండా బట్టల బ్లీచ్‌లో నానబెట్టారు. మరక పోయింది. ఆయన సంబరం చూడాలి! కానీ పైకి గాజులా మెరిసినా లోపలిది మట్టే కదా, సన్న పగుళ్ళలోంచి బ్లీచ్ పీల్చుకుంది. ఆరాక లోపల ఉప్పు గడ్డకట్టి పైపూతని తోసేసింది. కొన్నాళ్ళకి ఓడలు పొరలు పొరలుగా రాలిపోయాయి. ఆయన ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టి దాచుకున్నారే, పారేయమనడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి మరకుంటే ఉండనీ, మెత్తటి తడిబట్టతో తుడువు, చాలు. మరీ ఖరీదైనదైతే పాత పాత్రలు బాగుచేసేవాళ్ళకి చూపించు.

ఇంకోటి, తల్లీ. ఆ పళ్ళేల్లో పులిహోర పెట్టుకుని ఫొటోలు తీసి తినెయ్యకు! పైపూతలో సీసం ఉంటుంది, పులుపు తగిలితే దిగుతుంది. నీకేమైనా అయితే మీ నాన్నకి ఏం చెప్పను?

మొదటి పళ్ళెం కొనేముందు నాకు ఫొటోలు పంపు, వెనకవైపువి కూడా. రాత్రి ఎంతైనా పర్లేదు, మేలుకునే ఉంటాను.

నీ అత్తయ్య