టెల్‌డిర్ ఇచ్చిన నంబర్‌ను తర్వాతి రన్ కోసం దాచుకోవచ్చా?

లక్షల ఫైళ్ళున్న డైరెక్టరీని రీడ్‌డిర్‌తో (సీ భాషలో డైరెక్టరీలోని పేర్లను ఒక్కొక్కటిగా ఇచ్చే ఫంక్షన్) చదువుతుంటే ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతోందని, చదువుతున్న చోటును చెప్పే టెల్‌డిర్ ఇచ్చిన నంబర్‌ను రాసిపెట్టుకుని మళ్ళీ నడిపేటప్పుడు, ఆ చోటికి తీసుకెళ్ళే సీక్‌డిర్‌కు ఇవ్వవచ్చా అని అడిగారు. వద్దండి. చాలాసార్లు పనిచేసినట్టే కనిపిస్తుంది, అందుకే ఇంకా ప్రమాదం.

అది ఎన్నో ఫైల్‌లో ఉన్నామో చెప్పే నంబర్ కాదు. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద ప్రింట్ చేసి చూడండి, 19 అంకెల విలువలు కూడా వస్తాయి. అక్కడ అది ఫైల్ పేరు నుంచి లెక్కగట్టిన హాష్. హాష్ సీడ్ (ఆ లెక్కలో కలిపే మొదటి విలువ) ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అదే డైరెక్టరీని వేరే డిస్క్‌కు కాపీ చేస్తే వరుసే మారిపోతుంది. పైగా యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పాజిక్స్ ప్రకారం ఆ విలువ, ఓపెన్‌డిర్‌తో డైరెక్టరీని తెరిచినప్పుడు వచ్చిన అదే స్ట్రీమ్‌లోనే చెల్లుతుంది. క్లోజ్‌డిర్‌తో మూశాక, రివైండ్‌డిర్‌తో మళ్ళీ మొదటికి వచ్చాక దాన్ని నమ్మడానికి లేదు.

ఒకే స్ట్రీమ్‌లో వాడినా చిక్కులు వచ్చిన చరిత్ర ఉంది. 1983 నాటి యూనిక్స్ రకమైన 4.2 బీఎస్‌డీలో దొర్లిన ఒక బగ్‌ను 2008లో గానీ దాని వారసుల్లో ఒకటైన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు సరిచేయలేదు. డైరెక్టరీ బ్లాక్‌లో మొదటి ఎంట్రీ డిలీట్ అయ్యాక దాని తర్వాతి ఎంట్రీకి సీక్‌డిర్ చేస్తే, వెతుకులాటలో రీడ్‌డిర్ ఆ తర్వాతి ఎంట్రీని దాటి ముందుకు వెళ్ళేది. అలా మధ్యలో ఒక ఫైల్ కనిపించకుండా పోయేది. విండోస్‌తో ఫైళ్ళు పంచుకునే సాఫ్ట్‌వేర్ సాంబా వాళ్ళు దీనికి తమ కోడ్‌లోనే అడ్డదారి పెట్టుకున్నారు.

స్కాన్ చేసిన పత్రాలను ప్రాసెస్ చేసే ఒక పాత ప్రోగ్రామ్ నా చేతికి వచ్చినప్పుడు అందులో మీరు అడిగిన పద్ధతే ఉంది. డేటాను కొత్త సర్వర్‌కు మార్చాక కొన్ని పత్రాలు రెండుసార్లు ప్రాసెస్ అయ్యాయి, కొన్ని అసలు కాలేదు. కానివాటిని వెతికి పట్టుకోవడమే పెద్ద టెన్షన్. ఆ భాగం తీసేసి, పని పూర్తయిన ప్రతి ఫైల్‌నూ అదే ఫైల్‌సిస్టమ్‌లో "అయినవి" అనే వేరే డైరెక్టరీకి రీనేమ్ చేసేలా మార్చాను. ఇప్పుడు ప్రోగ్రామ్ ఎక్కడ ఆగినా ఫర్వాలేదు, మిగిలి ఉన్నవే మిగిలిన పని. రీనేమ్ చేయడానికి ముందే ఆగిపోతే ఆ ఒక్క ఫైల్ మళ్ళీ ప్రాసెస్ అవుతుంది, దానికి మాత్రం మీ కోడ్ సిద్ధంగా ఉండాలి.

ఫైళ్ళను కదపకూడదంటే పేర్లన్నీ చదివి, ఎస్‌టీఆర్‌సీఎంపీతో (రెండు పేర్లను పోల్చే ఫంక్షన్) సార్ట్ చేసి, చివరగా పూర్తయిన పేరును రాసిపెట్టుకోండి. కొత్త ఫైళ్ళు ఎప్పుడూ వరుసలో చివరికే వచ్చేలా పేర్లుంటేనే ఇది కుదురుతుంది.

రీడ్‌డిర్‌ను పిలిచే ముందు ప్రతిసారీ ఎర్‌నోను (ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్) సున్నా చేయండి. ఫైళ్ళు అయిపోయినా అది నల్ (NULL) ఇస్తుంది, ఎర్రర్ వచ్చినా అదే ఇస్తుంది. ఎర్‌నో చూస్తేనే తేడా తెలుస్తుంది. మీ ప్రోగ్రామ్ మధ్యలో ఆగడానికి కారణం అక్కడే దొరకవచ్చు.