శ్రీకాకుళం రక్తహీనత లెక్కలో సూచీ సున్నా ఎందుకొస్తోంది?

శ్రీకాకుళం ఆడవాళ్ల రక్తహీనత భారం పేదల మీద ఎక్కువుందా, ధనికుల మీద ఎక్కువుందా అని చెప్పే సూచీ (కాన్సంట్రేషన్ ఇండెక్స్) దాదాపు సున్నా వస్తోందని అడిగారు. మీరు ర్యాంకుకి, అంటే పేద నుంచి ధనిక దాకా వరుసలో ఒక్కొక్కరి స్థానానికి, ఒకటి నుంచి ఐదు దాకా ఉండే సంపద గ్రూపుల్నే వాడినట్టున్నారు. సూచీ దాదాపు సున్నా రావడానికి చాలావరకు అదే కారణం. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే)లో ఆ గ్రూపుల్ని దేశం మొత్తం మీద విడగొట్టారు, అందుకే పలాస జీడి పరిశ్రమలో కూలికెళ్లే ఆవిడా, టీవీ, బండి ఉన్న పక్కింటావిడా ఒకే గ్రూపులో పడిపోవచ్చు.

1. ముందు జిల్లాని ఫిల్టర్ చేయండి. ర్యాంకు ఆ తర్వాతే.

2. గ్రూపు వదిలేసి, సంపద స్కోరు (సర్వే డేటాలో వి191 అనే కాలమ్) తక్కువ నుంచి ఎక్కువకి పేర్చండి.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే. సగటుకి శాంపిల్ వెయిట్ (సర్వేలో ఒక్కొక్కరూ ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె) వేస్తారు, ర్యాంకుకి మర్చిపోతారు. ఒక్కొక్కరికీ, వాళ్ల ముందున్న అందరి వెయిట్ల మొత్తానికి వాళ్ల సొంత వెయిట్‌లో సగం కలిపి, జిల్లా మొత్తం వెయిట్‌తో భాగించండి. ఈ ర్యాంకు వెయిటెడ్ సగటు 0.5 రావాలి, రాకపోతే దయచేసి అక్కడే ఆగి సరిచూసుకోండి.

4. ర్యాంకుకీ రక్తహీనతకీ ఉన్న వెయిటెడ్ కోవేరియన్స్‌ని (రెండూ కలిసి ఎలా మారుతున్నాయో చెప్పే కొలత, వెయిట్లతో లెక్కించింది) 2తో గుణించి, రక్తహీనత సగటుతో భాగించండి. మైనస్ వస్తే భారం పేదల మీద ఎక్కువున్నట్టు.

5. ఇది ఉంది, లేదు అనే 0, 1 లెక్క కాబట్టి ఎరేగర్స్ సవరణ (సగటు వేరైన చోట్ల కూడా సూచీల్ని పోల్చేలా చేసేది) వేయండి: సూచీ × 4 × సగటు. విజయనగరంతో పోల్చాలనుకుంటే దీన్ని వదలకండి.

అప్పటికీ సున్నానే వస్తే కాన్సంట్రేషన్ కర్వ్ (పేదల నుంచి మొదలుపెట్టి జనాభా వాటా పెరిగేకొద్దీ రక్తహీనత వాటా ఎంత చేరిందో చూపే గీత) గీసి చూడండి. అది సమరేఖని (తేడా అసలు లేకపోతే వచ్చే వాలు గీత) అటూ ఇటూ దాటుతుంటే రెండు వైపుల తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయన్నమాట, తేడా లేదని మాత్రం రాయకండి.