వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు

ప్రశ్న: మాది కళింగపట్నం. డాబా మీద జీఐ పైపులతో (జింకు పూత పూసిన ఇనుప పైపులు) షెడ్డు వేయించాం. ఏడాది తిరక్కుండానే వెల్డింగు పెట్టిన చోటల్లా ఎర్రగా తుప్పు కారుతోంది. సిల్వర్ పెయింట్ కొట్టేస్తే చాలంటున్నాడు వెల్డర్. నిజమేనా?

జవాబు: చాలదండి. అందులో ఉండేది అల్యూమినియం పొడి. మెరుపే తప్ప జింకు చేసే పని చెయ్యదు. జింకు తాను తరిగిపోతూ పక్కనున్న ఇనుమును కాస్తుంది. అందుకే సన్నటి గీతలకు కంగారు పడక్కర్లేదు. వెల్డింగు వేడికి మాత్రం అతుకు చుట్టూ జింకు ఆవిరైపోతుంది. పైగా మీది సముద్రపు గాలి.

షాపులో జింక్ రిచ్ ప్రైమర్ అనే అడగండి. ఆరిన పొరలో జింకు 92 శాతం దాటితే మంచిది. ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి ఆరనివ్వండి. స్లాగు (వెల్డింగు మీద గట్టిపడిన పెచ్చు) సుత్తితో రాల్చి, లోహం తెల్లగా తేలేదాకా గ్రైండర్ పట్టించాలి. చుట్టూ బాగున్న జింకును కూడా కాస్త గరుకు చెయ్యాలి. మనవాళ్లు బద్ధకించేది ఇక్కడే! తుప్పు మీద పూస్తే పొక్కులు లేచి ఊడుతుంది. రుద్దిన రోజే, సాయంత్రం తేమ దిగకముందే పూసెయ్యండి. డబ్బాలో జింకు అడుక్కి దిగిపోతుంది, కలుపుతూనే ఉండాలి. పూత మీద పూత వేసి 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) మందం తేవాలి. దాని మీద మామూలు ఎనామిల్ మాత్రం నేరుగా కొట్టించకండి, జింకుతో దానికి పడదు.