తామరకు చుట్టం ఎవరు?

ప్రశ్న: నేను బెంగళూరులో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. మొక్కల పరిణామంపై వారి చేత చిన్న పరిశోధన చేయించాలంటే రూపాన్ని పరిశీలించమనాలా, జన్యువులనా?
– ఒక అధ్యాపకురాలు, జయనగర్

జవాబు: రెండూ చేయించండి. అందుకు తామర, కలువల జంట చక్కగా సరిపోతుంది. నీటిలో పెరిగే తీరు, పువ్వుల పోలిక చూసి వీటిని చాలాకాలం దగ్గరి చుట్టాలుగానే భావించారు. అయితే దాదాపు 500 విత్తన మొక్కల్లో ఆర్‌బీసీఎల్ అనే హరితరేణు జన్యువును పోల్చి 1993లో వెలువడిన అధ్యయనం తామరను కలువకు దూరం చేసి, మీ ఊరి వీధుల్లో కనిపించే సిల్వర్ ఓక్ కుటుంబానికి దగ్గరగా చేర్చింది.

చూడవలసిన చోట చూస్తే రూపమూ అదే చెబుతుంది. కె.ఆర్. మార్కెట్‌లో కొన్న తామర పువ్వు పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెడితే రేణువు మీద మూడు చాళ్లు కనబడతాయి. కలువ రేణువుకు ఉన్నది ఒక్కటే, అదీ చుట్టూ ఉంగరంలా తిరిగి ఉంటుంది. మూడు చాళ్ల పుప్పొడి నిజ ద్విదళబీజాల, అంటే తామర, సిల్వర్ ఓక్ రెండూ చేరే పూల మొక్కల పెద్ద వర్గపు, ముఖ్య లక్షణం. కలువ వంశం అంతకు ఎంతో ముందే వేరుపడింది.

జన్యుక్రమాలు జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ జన్యు భాండాగారంలో ఉచితంగానే లభిస్తాయి. వాటిని తెరవకముందే విద్యార్థుల చేత పుప్పొడి బొమ్మలు గీయించండి. ఫలితం ముందే తెలిస్తే పరిశీలన దాని వైపు మొగ్గుతుంది.