పాఠకుల ప్రశ్నలు: గోడ మీద దర్శనం, మనుషుల మధ్య ఒడంబడిక

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు ప్రాంతంలోని తెలుగు బాప్టిస్టు సంఘం. సంఘానికి దర్శనం, కార్యోద్దేశం, నిబంధన రాసుకోవాలని జనరల్ బాడీలో తీర్మానించి, తొమ్మిది మందితో కమిటీ వేసి, నన్ను కన్వీనరుగా పెట్టారు. యౌవనస్థులు ఇంగ్లీషులో ఒక పేజీ తయారుచేసి తెచ్చారు. చక్కగానే ఉంది గాని, పేరు మారిస్తే ఏ సంఘానికైనా సరిపోతుంది. పెద్దలేమో "బైబిలు ఉండగా మళ్ళీ ఈ కాగితం దేనికి?" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక సంఘ కార్యదర్శి

జవాబు: పెద్దల ప్రశ్నను అడ్డంకిగా చూడకండి, ఎందుకంటే దానికి జవాబు వాళ్ళు చూపిస్తున్న బైబిల్లోనే ఉంది. అయితే అంతకంటే ముందు మాటల చిక్కు ఒకటి తీర్చుకోవాలి. మా సంఘంలో కొన్నేళ్ళ క్రితం ఇదే ప్రయత్నం జరిగినప్పుడు ఒక పెద్దావిడ లేచి, "దర్శనం ఎవరికి వచ్చిందయ్యా, పాస్టరుగారికా, సెక్రటరీకా?" అని అడిగారు. అందరూ నవ్వారు గాని, ఆవిడ నవ్వించడానికి అడగలేదు. మన సంఘాల్లో దర్శనమంటే యెషయాకో దానియేలుకో కలిగినది. కార్యోద్దేశాన్ని ఇంగ్లీషులో మిషన్ అంటారు గాని, మనకు మిషన్ అంటే మిషన్ ఆసుపత్రి, మిషన్ కాంపౌండు. నిబంధన అనగానే పెద్దలకు పాత నిబంధన, క్రొత్త నిబంధన గుర్తొస్తాయి గాని, ప్రకటనల అడుగున చిన్న అక్షరాల్లో "నిబంధనలు వర్తిస్తాయి" అని చదివే కుర్రవాళ్ళకు అది షరతుగానే వినిపిస్తుంది. దర్శనం లేనిచోట జనం నశిస్తారని ఇంగ్లీషు ప్రసంగాల్లో తరచుగా వినిపించే సామెతల గ్రంథ వాక్యం (29:18) మన తెలుగు బైబిల్లో "దేవోక్తి" అన్న మాటతో మొదలవుతుంది. అక్కడున్నది దేవుని మాట వినడం గురించి గాని, అయిదేళ్ళ ప్రణాళిక గురించి కాదు. అందుచేత కమిటీ మొదటి సమావేశంలోనే ఈ మూడింటినీ మామూలు మాటల్లో చెప్పుకోండి: మన సంఘం ఎలా ఉంటే చూడాలని ఉంది, దానికోసం మనం చేసే పని ఏమిటి, ఆ పని చేస్తూ దేవునితోను ఒకరితో ఒకరము ఎలా మసలుకుంటాము. మూడోదాన్ని నేను ఇకపై ఒడంబడిక అంటాను.

అందరూ దర్శనంతో మొదలుపెట్టి ఒడంబడికతో ముగిస్తారు. నా సలహా దీనికి తలకిందులు. ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో తేలని తొమ్మిది మంది సంఘ భవిష్యత్తును గురించి కూర్చుంటే, మూడో సమావేశానికి నలుగురే మిగులుతారు. మేము దర్శనంతోనే మొదలుపెట్టాము. నాలుగు నెలలు మాటలు మార్చి మార్చి రాసి, మంచి చెక్క ఫ్రేములో కట్టించి, ప్రసంగ వేదిక వెనక గోడకు తగిలించాము. తర్వాత పాటలు చూపించడానికి ప్రొజెక్టరు తెర కొన్నప్పుడు అది సరిగ్గా ఆ ఫ్రేము మీదికే వచ్చింది. తెర దింపినప్పుడల్లా మా దర్శనం మాయమవుతుంది. ఆరాధన ముగిసి తెర పైకి చుట్టుకున్నాక, కుర్చీలు సర్దే ఇద్దరికి మాత్రం కనిపిస్తుంది. ఆ ఫ్రేములోని ఒక్క వాక్యమైనా చూడకుండా చెప్పమంటే నాకే రాదు.

ఇక పెద్దల ప్రశ్న. వారితో కూర్చుని నెహెమ్యా గ్రంథం 9వ అధ్యాయం చివరినుంచి 10వ అధ్యాయం పూర్తిగా చదవండి. చెర నుంచి తిరిగివచ్చినవారికి మోషే ధర్మశాస్త్రం చేతిలోనే ఉంది, దాన్ని ఎజ్రా బహిరంగంగా చదివి వినిపించాడు కూడా. అయినా వారు వేరే పత్రం రాసుకుని, 84 పేర్లతో ముద్రలు వేశారు. అందులో రాసుకున్నవి చూడండి: విశ్రాంతి దినాన అమ్మకానికి తెచ్చిన సరుకు కొనము, మందిరపు సేవకు ఏటా తులంలో మూడో వంతు ఇస్తాము, బలిపీఠానికి కట్టెలు ఎవరు ఎప్పుడు తేవాలో చీట్లు వేసి నిర్ణయించుకుంటాము. కట్టెల సంగతి కూడా రాసుకున్నారు! ధర్మశాస్త్రం దేవుడు ఇచ్చినది; దాన్ని తమ ఊళ్ళో, తమ కాలంలో, తమ చేతులతో ఎలా నడుపుకుంటామో చెప్పుకున్నది ఈ పత్రం. 13వ అధ్యాయానికి వచ్చేసరికి దాన్ని మీరారు. లేవీయులకు రావలసిన భాగాలు అందక వారు తమ పొలాలకు వెళ్ళిపోయారు, తూరు వర్తకులు విశ్రాంతి దినాన చేపలు అమ్ముతున్నారు. నెహెమ్యా ఏది తప్పిందో వేలుపెట్టి చూపించి సరిచేయగలిగాడంటే, రాసుకున్నది అంత స్పష్టంగా ఉండడం వల్లనే. "ప్రేమతో ఐక్యతతో ముందుకు సాగుదుము" అని రాసుకుని ఉంటే ఎవరిని ఏమని అడిగేవాడు?

మీది బాప్టిస్టు సంఘం కనుక ఇంకొక మాట. సంఘ ఒడంబడిక అన్నది ఇప్పటి మేనేజ్‌మెంట్ పుస్తకాల నుంచి ఊడిపడింది కాదు. 1629లో సేలం సంఘంవారు (మన తమిళనాడు సేలం కాదు, అమెరికాలోని మసాచుసెట్స్ సేలం) దేవునితోను ఒకరితో ఒకరము కలిసి నడుస్తామని ఒకే వాక్యంలో ఒడంబడిక చేసుకున్నారు. 1853లో జె. న్యూటన్ బ్రౌన్ అనే బాప్టిస్టు బోధకుడు ప్రచురించిన ఒడంబడిక పాఠం అమెరికా బాప్టిస్టు సంఘాల్లో విస్తారంగా వ్యాపించింది. అందులో మత్తుపానీయాలు అమ్మము, తాగము అన్న మాట కూడా ఉంది. ఆ దేశపు బాప్టిస్టులే 1836లో తెలుగువారి మధ్య పని ప్రారంభించారు. ఆ పని మొదలుపెట్టిన మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరకముందు కొన్నేళ్ళు మద్రాసులోనే ఉన్నారు. ఇది మన ఇంటి ఆచారమేనని పెద్దలకు చెప్పవచ్చు.

అయితే పాత పాఠాన్ని తెలుగు చేసి సరిపెట్టుకోవద్దు. ఒక ఆదివారం ఆరాధన తర్వాత అందరికీ చీటీలు పంచి, పేరు రాయనక్కరలేదని చెప్పి, రెండే అడగండి: ఈ సంఘం మీకు తోడుగా నిలిచిన సందర్భం ఏది, నిలవని సందర్భం ఏది? రాయడం రానివారి దగ్గర స్త్రీల సమాజం నుంచి ఒకరు కూర్చుని రాసిపెట్టాలి. మాకు వచ్చిన చీటీల్లో ఒకటి నేను మరచిపోలేదు. "మా ఆయన ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజుల్లో వాట్సాప్‌లో అరవై మంది ప్రార్థిస్తున్నామన్నారు, మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు" అని పెన్సిలుతో రాసి ఉంది. ఆ చీటీ నుంచే, సభ్యులెవరైనా ఆసుపత్రిలో చేరితే రెండు రోజుల్లోగా సంఘం తరఫున ఒకరు వెళ్ళి చూడాలన్న మాట పుట్టింది. ఫ్రేములో లేకపోయినా ఈనాటికీ నడుస్తున్నది అదొక్కటే.

రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో కొన్ని చేదుగా ఉంటాయి. నాకు తెలిసిన చెన్నై తెలుగు సంఘాల్లో రైల్వే పనికి, 1955లో మొదలైన ఐసీఎఫ్ రైలు పెట్టెల కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి, తరతరాలుగా కార్పొరేషన్ పారిశుద్ధ్య పనిలో ఉన్నవారు ఉన్నారు, ఈమధ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చినవారు ఉన్నారు. వీరు ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటారు గాని ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేయరు. ఈ మాట చీటీలో వస్తే కమిటీ దాన్ని మెత్తబరచకూడదు. గృహ కూటాలు వంతులవారీగా అందరి ఇళ్ళలోనూ, పారిశుద్ధ్య కార్మికుల కాలనీ ఇళ్ళతో సహా, జరగాలని రాసుకోగలిగితే మీ కాగితానికి బరువు వస్తుంది. రాసుకోలేకపోతే, ఎందుకు రాసుకోలేకపోయారో కమిటీ మినిట్స్‌లోనైనా నమోదు చేయండి.

ఒడంబడికను బైలాస్‌లో కలపవద్దు. 1975 నాటి తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘాలకు ఎన్నికలు, లెక్కలు, ఆస్తి చూసుకునే బైలాస్ వేరే ఉంటాయి. ఒడంబడిక అందులో చేరితే రేపు ఎవరో ఒకరు దాన్ని కోర్టుకు పట్టుకెళతారు. ఒడంబడిక తేలాక కార్యోద్దేశానికి రెండు సమావేశాలు చాలు. మీరు ఇప్పటికే చేస్తున్న పనుల్లో ఏవి మానరో రాసుకుంటే అది వచ్చేస్తుంది. దర్శనం చివరన ఒక్క వాక్యం. ఆ వాక్యానికి యౌవనస్థుల పేజీని మళ్ళీ తీసి చూడండి, పనికొచ్చేది తప్పక ఉంటుంది.

ప్రశ్న: మా సంఘ నిబంధనపై సభ్యులందరూ సంతకం చేయాలని, చేయనివారికి ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారంలో, భాగం ఉండదని మా పెద్దలు కొందరు అంటున్నారు. ఇది సరైనదేనా?
— ఒక పాఠకురాలు, ఆవడి

జవాబు: సరైనది కాదమ్మా. నెహెమ్యా కాలంలో ముద్రలు వేసినవారు నాయకులే. మిగతా జనం, భార్యలు, కొడుకులు, కూతుళ్ళు, గ్రహించగలిగినవారందరూ, వారితో కలిసి ప్రమాణం చేశారు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1755లో ప్రారంభించిన ఒడంబడిక ఆరాధనను మెథడిస్టులు నేటికీ కొత్త సంవత్సరంలో జరుపుకుంటారు, అక్కడ కూడా సమాజమంతా కలిసి చెప్పడమే. బాప్టిస్టు సంఘాల్లో బల్లకు ముందు ఒడంబడికను చదివే అలవాటు ఉన్నమాట నిజమే గాని, అది ఎవరిని వారు పరీక్షించుకోవడానికి. పక్కవాడిని లేపి పంపడానికి కాదు. సంతకాల పుస్తకం పెడితే మొదట దూరమయ్యేది వేలిముద్ర వేయడానికి సిగ్గుపడే ముసలివాళ్ళు. మీ పెద్దలతో ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ప్రశ్న: మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఒడంబడికను ఏ భాషలో రాయాలి?
— ఒక సండే స్కూల్ ఉపాధ్యాయుడు, విల్లివాక్కం

జవాబు: తెలుగులోనే, కాని నోటితో చెప్పే తెలుగులో రాయండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను తమిళ లిపిలో రాసుకుని పాడే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరం కనుక తెలియని మాటను తడుముకుంటారు గాని, విన్న మాటను తడుముకోరు. రాసినదాన్ని ఖాయం చేసేముందు పన్నెండేళ్ళ పిల్లకు రెండుసార్లు చదివి వినిపించి, తిరిగి చెప్పమనండి. ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతే అక్కడ మాట మార్చండి.