మీ అమ్మగారి బెంగకి మీ పెళ్లి తాకట్టా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లి కాలేదు. సెలవు దొరికితే ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ లాంటి సినిమాలే మళ్లీ మళ్లీ చూస్తాను. వాటివల్లే నాకు ఏ సంబంధమూ కుదరడం లేదని అమ్మ పోరు. నిజానికి చివరగా వచ్చిన మూడు సంబంధాలూ నాకు నచ్చాయి, అమ్మే వద్దంది. నాన్న లేరు. తమ్ముడి ఫ్లాట్ ఈఎంఐ నేనే కడుతున్నాను. ఈ సినిమాల పిచ్చి ఎలా మానాలి?

జవాబు: మానక్కర్లేదు. చూడండి.

ఆ సినిమా 2001లో వచ్చింది. ఇప్పటికీ ఆడవాళ్లు వెతుక్కుని చూస్తున్నారంటే కారణం ఉంది. ముప్పై దాటిన ఆ లండన్ అమ్మాయి బ్రిడ్జెట్ తన బరువు, తాగిన సిగరెట్లు, మందు లెక్కలు తనే డైరీలో రాసుకుంటుంది. ఎవరో వేలెత్తి చూపేలోపే తనమీద తనే నవ్వేసుకుంటుంది. స్నేహితులకి వండిపెడదామంటే సూపు కాస్తా నీలంగా తయారవుతుంది. పెళ్లయిన జంటలన్నీ కలిసి భోజనాల దగ్గర ఆమెని ‘నీ సంగతేమిటి’ అని ఆరా తీసే సన్నివేశం ఉంది చూశారూ, మన గృహప్రవేశాల్లో, వ్రతాల్లో జరిగేదీ అదే. కాకపోతే మన సినిమాల్లో పెళ్లికాని అక్క త్యాగం చేసి ఏడిపిస్తుంది, ఈవిడ కిందపడి లేచి నవ్విస్తుంది. మీకు కావలసింది ఆ నవ్వే.

కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుర్తొచ్చింది 1976లో వచ్చిన ‘అంతులేని కథ’. అందులో జయప్రద ఇంటి బరువంతా మోసి, చివరికి తన పెళ్లి కూడా వదులుకుంటుంది. మీరూ అదే దారిలో ఉన్నారు.

బ్రిడ్జెట్ తల్లి నోరు మంచిది కాదు. కూతురి బట్టలకి వంకలు పెడుతుంది, మధ్యలో మొగుణ్ణి వదిలి ఇంకొకడితో వెళ్తుంది కూడా. అయినా కొత్త సంవత్సరం విందులో కథానాయకుడు మార్క్ డార్సీని కూతురికి పరిచయం చేసింది ఆవిడే. మీ అమ్మగారు మూడు సంబంధాలు తిప్పికొట్టి, నేరం సినిమాల మీద వేశారు.

ఆవిడ చెడ్డవారని అనను. భర్త పోయారు. మీరూ వెళ్లిపోతే కొడుకు ఇంట్లో తన మాటకి విలువుంటుందో లేదో అని బెంగ. ఆ బెంగ తీర్చాల్సిందే. దానికోసం మీ పెళ్లి ఆపుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. తల్లిని చూసుకోవడం కొడుకుతో పాటు కూతురి బాధ్యత కూడా. తల్లిదండ్రుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టమూ ఆ మాటే చెబుతోంది. తమ్ముడి ఫ్లాటు గురించి ఏ చట్టమూ చెప్పలేదు, ఏ ధర్మమూ చెప్పలేదు.

ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. వచ్చే ఉగాది నుంచి ఈఎంఐ తమ్ముడే కట్టుకోవాలి. అమ్మకి నెలనెలా మీరిచ్చే డబ్బు పెళ్లయ్యాక కూడా ఆగదని, ఎప్పుడైనా మీ ఇంటికి వచ్చి ఉండొచ్చని అమ్మకే చెప్పండి. ఇవి ఒప్పుకునే అబ్బాయినే చేసుకోండి. వచ్చిన మూడింటిలో మీకు బాగా నచ్చిన అబ్బాయికి ఇంకా పెళ్లి కాకపోతే, సంబంధం తెచ్చినవాళ్లకి మీరే ఫోన్ చేయండి. అమ్మ అలుగుతారు, ఒకపూట అన్నం కూడా మానేస్తారు. అలగనివ్వండి.

అన్నట్టు, ఆ ఫ్లాటు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు.